కరకరలాడే పది నిమిషాలు

నూనెలో వేయించడం చేతకానివాళ్ళు చేసే పని! ఈ మాట అంటున్నది మూడు నెలల క్రితం దాకా స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియని మనిషి. కాబట్టి మీరు కాస్త గౌరవంగా వినాలి.

కాగిన నూనెలో ఏది వేసినా కరకరలాడుతుంది. పాత చెప్పు వేసినా కరకరలాడుతుంది. అందులో వంటవాడి గొప్పేముంది? అదే టోఫూని, మూకుడు ముట్టుకోకుండా, ఓవెన్‌లో పెట్టి కరకరలాడించి చూడండి. మనిషి పుట్టుక ఎందుకు పుట్టామో అప్పుడు తెలుస్తుంది!

నా రక్తపరీక్ష రిపోర్టు చూసిన డాక్టరు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. వేపుళ్ళు మానేయమన్నాడు. మా ఆవిడ టీచరు, ఎవరికైనా ఏదైనా నేర్పించగలదు. నాకు పనికొచ్చే వంటేదో నన్నే నేర్చుకోమంది. అలా మా ఇంట్లో టోఫూ అడుగుపెట్టింది. తెలియనివారికి చెబుతున్నా, సోయా పాలు విరగ్గొట్టి గడ్డకట్టించిన తెల్లటి దిమ్మ అది. తడిసిన సబ్బుబిళ్ళలా ఉంటుంది. ఉప్పు వేస్తే ఉప్పగా, కారం వేస్తే కారంగా, ఏదీ వెయ్యకపోతే ఏమీ లేనట్టుగా ఉంటుంది. ఇంత మొహమాటస్థుణ్ణి నేను మనుషుల్లో కూడా చూడలేదు.

దీనివల్ల లాభాలు ఒకటా రెండా! ముందు దాన్ని గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి, అరగంటసేపు నీరు ఓడ్చాలి. కండలు పెంచుతానని మావాడు మూడేళ్ళ క్రితం కొన్న డంబెల్స్ మంచం కిందనుంచి బయటికి రావడం అదే మొదలు. ఉత్సాహం కొద్దీ రెండూ ఒకేసారి పెట్టాను. టోఫూ చాపలా పరుచుకుంది. సరే, ఓర్పు నేర్చుకున్నాను.

తర్వాత ముక్కలు. కత్తితో కోస్తే అంచులు నున్నగా వస్తాయి, చేత్తో తుంచితే గరుగ్గా ఉండి బాగా కాలతాయి. ఆఫీసులో నన్ను విసిగించినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంటూ తుంచుతాను. బీపీ తగ్గింది! ఇక కార్న్‌ఫ్లోర్, ఉప్పు, మిరియాల పొడి, ఒక్క చెంచాడు నూనె (డాక్టరుకి చెప్పకండి) పట్టించి, ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పరిచి, అరగంట కాల్చాలి. మధ్యలో ఒకసారి ప్రతి ముక్కనీ తిరగెయ్యాలి. ఆ అరగంటా నేను ఓవెన్ అద్దం ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఏ సీరియల్లో ఉంది అంత ఉత్కంఠ?

మొదటి వారం బొగ్గు. రెండో వారం రబ్బరు. తొమ్మిదోసారి ఒక ముక్క తీసి కొరికితే కర్రుమంది! నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ చప్పుడు మా ఆవిడ కూడా వినాలి, నన్నో మనిషిగా లెక్కెయ్యాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదనిపించింది.

చిక్కల్లా ఒక్కటే. ఆ కరకర పది నిమిషాలే ఉంటుంది. మూత పెడితే ఆవిరికి మెత్తబడుతుంది, పెట్టకపోతే చల్లారి మెత్తబడుతుంది. ఇదీ మన మంచికే! ఏదీ శాశ్వతం కాదని ఇంత చవగ్గా ఇంకెవరు చెబుతారు?

అందరినీ పిలిచాను. మావాడు హెడ్‌ఫోన్స్ తియ్యకుండా రెండు వేళ్ళు చూపించాడు. రెండు నిమిషాలని అర్థం చేసుకున్నాను. అత్తగారు మాత్రం పిలవగానే వచ్చి కూర్చుని, పళ్ళసెట్టు పెట్టుకోలేదని, మెత్తబడ్డాకే వడ్డించమన్నారు. ఇక మిగిలింది మా ఆవిడ. గది గుమ్మం దాకా వెళ్ళి పిలిచాను. పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

"ఈ ఒక్కటీ అయిపోనీండి, వచ్చేస్తున్నా," అంది.

ఇరవై నిమిషాలకు వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"బాగుందండీ. మెత్తగా ఉంది," అంది, మనస్ఫూర్తిగా.

నాకు ఒళ్ళు మండింది. రెండు గంటలు కష్టపడి చేస్తే, పిలిచినప్పుడు రావడానికేమని అనబోయాను. అంతలో ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ వంటింట్లోంచి పిలవడం, ఈ పేరా అయిపోనీ అని నేను రాతబల్ల దగ్గర్నుంచి కేకెయ్యడం, ఎప్పటికో వెళ్ళి ఇదేమిటి ఇలా చల్లారిపోయిందని ముఖం చిట్లించడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. చిట్లించినప్పుడల్లా ఆవిడ మారు మాట్లాడకుండా వేడిచేసి తెచ్చేది. తన చేతివంట ఎలా ఉండాలని తను వండిందో, అలా నేను తిన్న రోజులు చాలా తక్కువ. సిగ్గేసింది. వెటకారం కాదు, నిజంగానే సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే, తోటి భర్తలకైనా బుద్ధి వస్తుందని ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. ఇవాళ వంట ఆవిడది. ఇప్పటికి రెండుసార్లు పిలిచింది. ఇదిగో, ఈ ముగింపు ఒక్కటీ కుదరనీండి, వెళ్తాను.