రాజకుమారికి పదకొండో సన్మానం

క్రీడాకారులకు ప్రాక్టీసు కావాలని ఎవరన్నారో గాని, వారికి సన్మానం విలువ తెలియదు. సాధన ఒంటిని అలసటకు గురిచేస్తుంది. సన్మానంలో కూర్చుంటే చాలు, అలసట అంతా వినేవాళ్లదే.

సెంటినరీ కాలనీ రాజకుమారికి పదహారేళ్లు. తండ్రి సదయ్య గని కార్మికుడు. ఆసియా బాలికల ఫుట్‌బాల్ పోటీల్లో మన జట్టు మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది గాని, గోల్‌కీపర్ రాజకుమారి ఒక పెనాల్టీ ఆపింది. ఆ వీడియో ఊరి ఫోన్లన్నీ తిరిగింది. పది రోజుల్లో ఆమె మళ్లీ క్యాంపుకు వెళ్లాలి. అక్కడున్న ముగ్గురు కీపర్లలో ఇద్దరినే ఉంచుకుంటారు.

తొమ్మిది రోజుల్లో పది సన్మానాలు జరిగాయి. వర్తకులు శాలువా కప్పారు. రెండు కార్మిక సంఘాలు పోటీపడి ఒకే పూట కప్పాయి. ఒక పెద్దమనిషి ఆమెను వాలీబాల్ ఆణిముత్యమని గంటసేపు పొగిడాడు. కోచ్ నర్సింగం బంతులు పెట్టుకుని గ్రౌండులో ఎదురుచూస్తుంటే, ఆమె ఎక్కడో దీపం వెలిగిస్తూ ఉండేది.

"బాపూ, ఒక్క పూటన్న బాల్ పట్టనియ్యవా?"

"పెద్దోళ్లు పిలిస్తె పోకపోతె ఎట్ల బిడ్డా" అన్నాడు సదయ్య. కూతురి వెంట తిరగడానికి షిఫ్టులు మార్చుకుని ఆయనకూ నిద్ర లేదు.

ప్రయాణానికి ముందురోజు పదకొండోది. క్రీడాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు లింగమూర్తి గ్రౌండులోనే స్టేజీ వేయించాడు. రాజకుమారి వెళ్లేసరికి అక్కడున్న ఒకే ఒక గోల్‌పోస్టు జాగాలో రెండు గుంతలు ఉన్నాయి. పోస్టు గేటు దగ్గర స్వాగత తోరణమై నిలబడింది. పైన ఫ్లెక్సీలో లింగమూర్తి నవ్వుతున్నాడు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, గ్లౌజులు తొడుక్కుని తోరణం కింద నిలబడింది.

"సార్, కొట్టున్రి" అంది నర్సింగంతో.

ఆయన కొట్టాడు. ఆమె కుడివైపు దూకి పట్టింది. కుర్చీలు ఒక్కొక్కటే అటు తిరిగాయి. ముఖ్య అతిథి కారు గేటు బయటే ఆగిపోయింది. లింగమూర్తి పరుగున వచ్చాడు.

"ఏంది బిడ్డా గిది? సార్ లోపటికి రావద్దా?"

"ఇంకో ఇరవై బాల్స్ కాకా. అయినంక శాలువా కప్పున్రి."

అతిథి కారు దిగి, ఇరవై బంతులూ నిలబడే చూశాడు. చప్పట్లు కొట్టి, "ఇంత మంచి గ్రౌండుకు గోల్‌పోస్టు లేదా?" అని అడిగాడు.

"ఉన్నది సార్" అన్నాడు లింగమూర్తి వినయంగా. "పిల్లకు సన్మానమున్నదని పీకినం."