కంబళికి రెండో కొస

తడిసిన కంబళికి రెండో కొస పట్టుకునే మనిషి ఈ లోకంలో లేడు. ఇది ఫిర్యాదు కాదు, రుజువైన సంగతి. రుజువు చేసినవాడు ఒక పెద్ద భవనం మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే మాజీ బస్సు డ్రైవరు. ఊరి బడిలో ఐదో తరగతితో చదువు ముగించినవాడు కాబట్టి ఆయన ఏ మాటైనా ఒక్కసారే చెబుతాడు. చెప్పాక మార్చడు.

ఆ భవనం గొప్పతనం గురించి కూడా రెండు ముక్కలు మనవి చేయాలి. నగరం మొత్తంలో ఐకమత్యానికి పేరుపడ్డ భవనం అది. అందరూ ఒకే గ్రూపులో ఉంటారు. ఒకరికి జలుబు చేస్తే పొద్దు గూకేలోగా భవనమంతా "త్వరగా కోలుకోవాలి" అని పెడుతుంది. పోయినేడు డ్రైవరు ఇల్లాలు కన్నుమూసినప్పుడు గ్రూపులో రాలిన పూలబొమ్మలకు ఫోన్లు ఆగిపోయాయి. ఆమెను మెట్లు దించడానికి మాత్రం అంబులెన్సు మనిషి ఒక పక్క, డ్రైవరు ఒక పక్క పట్టారు. మిగిలినవాళ్ళు పూలు పంపే పనిలో ఉన్నారు. అంత దుఃఖంలో ఎవరు మాత్రం లేవగలరు?

అక్కడ ప్రతి తలుపుకూ కన్నున్న బెల్లొకటి ఉంటుంది. నొక్కితే తలుపు తెరుచుకోదు, బెల్లు మాట్లాడుతుంది. "నమస్కారం. మీ రాక మాకెంతో ఆనందం. కెమెరా వైపు చూసి మీ పని చెప్పండి." లోపలివాళ్ళు మంచం మీద నుంచే తెరలో చూసి జవాబిస్తారు. ఈ ఏర్పాటు వచ్చాక ఇరుగుపొరుగుల మధ్య ఒక్క తగాదా లేదని సంఘం కార్యదర్శి ఏటేటా ప్రకటిస్తాడు. నిజమే. తగాదా పడాలన్నా ఎదురుపడాలి కదా.

ఇక కంబళి. అది ఉన్ని కంబళి, ఇద్దరికి సరిపోయేది. చలి వెళ్ళిపోయాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఏటా దాన్ని తొట్టెలో తొక్కి, చెరో కొసా పట్టుకుని మెలేసి పిండేవాళ్ళు. డ్రైవరు ఎప్పుడూ తప్పు దిక్కుకే తిప్పేవాడు. ఆమె మెలేసినదంతా ఆయన విప్పేసేవాడు. "అది నీ స్టీరింగు కాదయ్యా మగడా, కుడికి తిప్పు" అని ఆమె తిట్టేది. "నలభై ఏళ్ళు బస్సు తోలినవాడికి నువ్వా చెప్పేది" అని ఆయన మళ్ళీ ఎడమకే తిప్పేవాడు. వాళ్ళ కాపురంలో ముచ్చట్లంటే ఇంచుమించు ఇవే.

ఆమె చీరలు దానం చేశాడు. గాజులు ఇచ్చేశాడు. కంబళి ఒక్కటి ఉంచుకున్నాడు. దానికి బూజు వాసన తగలడంతో ఒక ఉదయం తొట్టెలో పడేసి తొక్కాడు. తొక్కాకగాని అసలు సంగతి గుర్తు రాలేదు. పిండకుండా ఎత్తితే తడి కంబళి దున్నపోతంత బరువు. అలాగే వదిలేస్తే కుళ్ళుతుంది. ఒక కొస కుళాయికి కట్టి మెలేసి చూశాడు. కుళాయి ఊడి చేతికొచ్చింది. కంబళిలో నీళ్ళు కంబళిలోనే ఉన్నాయి.

అప్పుడాయన ఘోరమైన పొరపాటు చేశాడు. మనిషి కోసం బయలుదేరాడు.

ఎదురింట్లో పళ్ళ డాక్టరు ఉంటాడు. బెల్లు నొక్కితే డాక్టరు గొంతు ఎంతో ఆప్యాయంగా పలికింది.

"చెప్పండి బాబాయ్ గారూ."

"తలుపు తియ్యి. కంబళి కొస పట్టుకోవాలి."

"అయ్యయ్యో, ఊళ్ళో లేనండీ."

లోపల మిక్సీ తిరుగుతోంది. ఆ చప్పుడు బెల్లులోంచి ఒకసారీ, తలుపు సందులోంచి ఒకసారీ వినిపించింది.

"మీ మిక్సీ ఊళ్ళోనే ఉన్నట్టుందే."

"అది దానంతటదే తిరుగుతుందండీ, కొత్త రకం."

డ్రైవరు కింది అంతస్తుకు దిగాడు. అక్కడ బ్యాంకావిడ ఉంటుంది. జాలిగుండె మనిషి. తెరలో ఆయన్ను చూడగానే కళ్ళొత్తుకుంది. ఎంత చిక్కిపోయారండీ బాబాయ్ గారూ, ఈ చిన్న తెరలో కూడా తెలుస్తోంది అంది. ఆయన ముఖాన్ని తెరమీదే ఫోటో పట్టి, ఆయన చెప్పిన కంబళి కష్టం రాసి, ఏడుపు బొమ్మ జతచేసి గ్రూపులో పెట్టింది. తలుపుకు ఇవతల నిలబడ్డ డ్రైవరుకు, అవతల ఆవిడ ఫోన్లో సానుభూతులు టింగుటింగుమంటూ రాలడం స్పష్టంగా వినిపించింది. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. సానుభూతులు ఆగలేదు. తలుపు తెరుచుకోలేదు.

సంఘం ఊరుకుంటుందా? కార్యదర్శి వెంటనే తెరలమీద అత్యవసర సమావేశం పిలిచాడు. కంబళి సమస్యపై సభ్యుల మనోభావాలు తెలుసుకోవడానికి ఓటింగు పెట్టారు. ఒకటి, విచారకరం. రెండు, అత్యంత విచారకరం. మూడు, మాటల్లో చెప్పలేం. మూడోది అఖండ మెజారిటీతో గెలిచింది. "వెళ్ళి కొస పట్టుకుందాం" అని ఎవరో నాలుగోది చేర్చబోతే, అది పెద్దాయన ఏకాంతానికి భంగమని ఏకగ్రీవంగా కొట్టేశారు.

రెండో అంతస్తు ఇంజినీరు శాశ్వత పరిష్కారం చూపుతానని ముందుకొచ్చాడు. కంబళి కొస పట్టుకుని తిప్పే ఇనుప యంత్రం తయారు చేయించి డాబా మీద బిగించాడు. దానికి 'రెండో చెయ్యి' అని పేరు పెట్టారు. ప్రారంభోత్సవం ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఘనంగా జరుపుకున్నారు. రిబ్బను కత్తిరించే పని డ్రోనుకు అప్పగించారు. అది రిబ్బనుతో పాటు పక్కన ఆరేసిన కార్యదర్శి చొక్కాను కూడా కత్తిరించింది. ఆ ఒంటిచేతి చొక్కాను తలుచుకుంటూనే కార్యదర్శి ఉపన్యసించాడు.

"సోదర సోదరీమణులారా, మనిషికి మనిషే తోడు అనేవారు మన పెద్దలు. పాపం, వాళ్ళకు ఇంటర్నెట్ లేదు. ఇక ఈ భవనంలో ఏ ఒంటరి మనిషీ మరో మనిషి గుమ్మం తొక్కే దుస్థితి రాదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

ఇంటింటా చప్పట్లు మోగాయి. గోడలు పలచన కాబట్టి బాగానే వినిపించాయి.

డ్రైవరు డాబా ఎక్కి మీట నొక్కాడు. యంత్రం కదల్లేదు. భద్రత కోసం అటో వేలిముద్ర, ఇటో వేలిముద్ర ఒకేసారి పడితేగాని అది తిరగదట. ఆ చివరికీ ఈ చివరికీ ఒక్క మనిషి చేతులు చాలవు. ఇంజినీరుకు ఫోను చేశాడు.

"సింగిల్‌గా వాడితే ప్రమాదం కదా బాబాయ్. ఎవర్నైనా తోడు తీసుకెళ్ళండి."

"తోడుంటే నీ మిషనెందుకురా?"

ఇంజినీరు ఆ ప్రశ్నను రాసుకున్నాడు. మంచి ప్రశ్న బాబాయ్, వచ్చే మోడల్లో చూద్దాం అన్నాడు.

ఈలోగా తొట్టెలో కంబళి తన పని తాను మొదలుపెట్టింది. మూడో అంతస్తు నుంచి వాసన వస్తోందని గ్రూపులో ముక్కు మూసుకున్న బొమ్మలు బారులు తీరాయి. సానుభూతి తెలిపిన వేళ్ళే ముక్కులు మూసుకున్నాయి. సాయంత్రంలోగా కంబళిని పిండి ఆరవేయాలి, లేనిపక్షంలో చెత్తబండివారు వచ్చి తీసుకుపోతారు అని కార్యదర్శి ప్రకటన పెట్టాడు. కింద యథావిధిగా గులాబీ పువ్వు.

డ్రైవరు మళ్ళీ బ్యాంకావిడ బెల్లు నొక్కాడు. ఆవిడ మళ్ళీ కరిగిపోయింది. మీకేం కావాలన్నా ఫోన్లో ఆర్డరు పెట్టుకోండి బాబాయ్ గారూ, ఇట్టే గుమ్మంలో ఉంటుంది అని సలహా ఇచ్చింది. ఫోను ఆయనకూ ఉంది. అది చూపిస్తేగాని భవనం గేటు తెరుచుకోదు. ఇంటికొచ్చి, సరుకులమ్మే దుకాణం తెర తీసి, ఒక్కో అక్షరం పొడుస్తూ 'మనిషి' అని వెతికాడు. మనిషి ఆకారపు దిండు వచ్చింది. మనిషి బొమ్మ ఉన్న బనియను వచ్చింది. మనిషి రాలేదు.

అప్పుడు వెలిగింది ఆయనకు. ఏ వస్తువు కొన్నా దాంతో ఒక మనిషి ఉచితంగా వస్తాడు.

ఒక నిమ్మకాయ ఆర్డరు పెట్టాడు.

నిమ్మకాయ పట్టుకుని హెల్మెట్ పెట్టుకున్న ఒక ఆడమనిషి వచ్చింది. వయసు యాభైకి అటూ ఇటూ ఉంటుంది. మెట్లెక్కి రొప్పుతోంది.

"నిమ్మకాయ అక్కడ పెట్టమ్మా. ఈ కొస పట్టుకో."

"నాకింకో ఇంటికి అరటిపళ్ళున్నాయి బాబాయ్."

"అవి రేపటికి మగ్గుతాయి. ఇది ఇవాళే కుళ్ళుతోంది."

ఆమె కంబళిని చూసింది, ఊడిన కుళాయిని చూసింది. హెల్మెట్ తీసి నిమ్మకాయ పక్కన పెట్టింది. ఇద్దరూ ఆపసోపాలు పడుతూ కంబళిని వరండాలోకి ఈడ్చుకొచ్చి, చెరో కొసా పట్టి మెలేశారు. కంబళి బిగిసినట్టే బిగిసి విడిపోయింది.

"ఎటు తిప్పుతున్నావు బాబాయ్? ఎవరి కుడికి వాళ్ళం తిప్పాలి. ఇదేం బండి హ్యాండిలా?"

"నలభై ఏళ్ళు బస్సు తోలినవాడికి నువ్వా చెప్పేది" అన్నాడు డ్రైవరు.  తర్వాత, జీవితంలో మొదటిసారి, కుడికి తిప్పాడు.

నీళ్ళు ధారగా దిగాయి. ఇంతలో ఆమె జేబులో ఫోను అరిచింది. "మీరు చాలాసేపటి నుంచి కదలడం లేదు. క్షేమమేనా?"

"మా ఆయన కంటే ఇదే నయం బాబాయ్" అందామె కొస వదలకుండా. "రోజూ అడుగుతుంది."

కంబళి నీళ్ళు వరండా అంతా పారి, పళ్ళ డాక్టరు తలుపు కిందుగా లోపలికి పోయాయి. ఊళ్ళో లేని డాక్టరు పాదాలు తడిసినట్టున్నాయి. ఆ తలుపు బెత్తెడు తెరుచుకుంది. అందులోంచి ఫోను పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చి, జరుగుతున్నదంతా వీడియో తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. కంబళిని ఇద్దరూ డాబా మీదికి మోసుకెళ్ళి 'రెండో చెయ్యి' మీద ఆరేశారు. దండెంగా ఆ యంత్రం చాలా బాగా పనిచేసింది.

డాక్టరు వీడియోకు ఇంజినీరు విషాద సంగీతం తొడిగాడు. "మా భవనంలో మానవత్వం బతికే ఉంది" అని కార్యదర్శి పేరు పెట్టాడు. లోకం ఏడ్చింది. ఎక్కడెక్కడి జనమో దిండ్లు తడుపుకున్నారు. భవనానికి ఐకమత్యపు బహుమతి మరోసారి దక్కింది. సరుకుల సంస్థవారు న్యాయం తప్పేవారు కాదు. అరటిపళ్ళ ఆలస్యానికి ఆమెకు ఒక నక్షత్రం కోసేసి, మానవత్వానికి ఒక నక్షత్రం కలిపారు.

డ్రైవరుకు తెరమీద సన్మానం జరిగింది. తన గుమ్మంలో తన బెల్లు ముందు తానే నిలబడాలని ఆదేశం. ఆయన బెల్లు మాట్లాడేది కాదు, ఇల్లాలు మొదట్లోనే దాని నోరు పీకేసింది. కన్ను మాత్రం మిగిలింది. ఆ కన్ను ముందు నిలబడ్డాడు. కార్యదర్శి ఫోనులో గొంతు సవరించుకుని, "సాంకేతిక పరిజ్ఞానం మనుషులను దూరం చేస్తోందా, దగ్గర చేస్తోందా అన్న యుగయుగాల ప్రశ్నను తేల్చవలసిందిగా పెద్దలను ప్రార్థిస్తున్నాను" అన్నాడు.

"నాకు నిమ్మకాయ దగ్గర చేసింది" అన్నాడు డ్రైవరు.

ఆ మాట గ్రహించినవాళ్ళు గ్రహించారు. మర్నాటికల్లా భవనమంతా నిమ్మకాయలు ఆర్డరు పెట్టింది. మెట్ల మీద హెల్మెట్లు బారులు తీరాయి. బ్యాంకావిడ తన మోకాళ్ళనొప్పి కథ మొదటినుంచీ చివరిదాకా ఒకడికి వినిపించింది. ఇంజినీరు ఒకణ్ణి కూర్చోబెట్టి చదరంగం ఆడి, ఓడి, మళ్ళీ నిమ్మకాయ పెట్టాడు. కార్యదర్శి తన ఉపన్యాసాన్ని ఎదురుగా నిలబడిన మనిషికి చదివి వినిపించి, అతడు తల ఊపితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ హడావుడిలో ఒకేసారి తలుపులన్నీ తెరిచి ఉండి, ఇరుగుపొరుగులు ఒకళ్ళనొకళ్ళు నేరుగా చూసుకోవలసి వచ్చింది. అందరూ మర్యాదస్తులు. జరిగినదానికి సిగ్గుపడి, ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు.

వ్యాపారం తెలిసిన సంస్థ అది. ఇప్పుడు నిమ్మకాయకు రెండు ధరలు పెట్టింది. మనిషి గుమ్మంలో పెట్టి పోతే ఒక ధర, కాసేపు నిలబడితే ఇంకో ధర. రెండోది ఎప్పుడు చూసినా 'స్టాకు లేదు' అనే ఉంటుంది.

"మాకు ఒక్క మాట చెప్పి ఉంటే మేమే వచ్చి పట్టుకునేవాళ్ళం కదా తాతగారూ" అని వీడియో చూసిన లక్షలమంది డ్రైవరుకు రాశారు. మీరూ రాశారు, ఎర్ర గుండె కూడా జతచేశారు. మీ ఎదురింటాయన ఈ పూట ఏం ఉతుక్కుంటున్నాడో మీకు తెలుసా అని ఆయన మిమ్మల్ని అడగలేదు. అడిగే పని లేదు. మొన్న ఒక విలేకరి మూడో అంతస్తు దాకా ఎక్కి, ఆ కంబళి కథ మీ నోటితో మరొక్కసారి చెప్పండి అని బతిమాలాడు. డ్రైవరు తలుపు బార్లా తెరిచి, అతడి ముఖంలోకి చూసి చెప్పాడు.

"చెప్పాల్సినప్పుడు గడపగడపకీ వెళ్ళి చెప్పాను. ఇంక ఆ మాట నా నోట రాదు."