కొట్టుగదిలో ఏమీ లేదు

కథల మాస్టారికి ఆ ఉదయం అనుకోకుండా ఒక గంట ఖాళీ దొరికింది. హెడ్ మేడమ్‌కి ఇంట్లో ఏదో అర్జెంటు పని పడిందని, పదింటి మీటింగు పదకొండుకు మారిందని ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు. ఆ గంటలో మాస్టారు తన జీవితంలో మొదటిసారి ఒక వీడియో గేమ్ ఆడదామనుకున్నారు.

ఆడక తప్పదు కూడా. కాలేజీలో ఆయన చెప్పే కథనశాస్త్రానికి ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏది దాస్తున్నారు అని నవలను విప్పి చూసినట్టే కంప్యూటర్ ఆటనూ విప్పి చూడవచ్చని, రెండూ కలిపి ఒక కొత్త కోర్సు పెడతానని ఆయన మీటింగులో అడగబోతున్నారు. ఒప్పుకుంటే సరి. లేకపోతే వచ్చే ఏడాది నుంచి కామర్స్ పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పాలి. 'భవదీయుడు' అని ఎక్కడ రాయాలో చెబుతూ రిటైరవడాన్ని తలుచుకుంటేనే ఆయన గుండె జారిపోయేది.

కూతురు పరీక్షకు వెళుతూ తన కంప్యూటర్లో ఆట తెరిచిపెట్టింది. "నాన్నా, ఆ దీవిలో నాతోపాటు ఇంకొకరు..." అని మొదలుపెట్టగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"చెప్పకమ్మా. ముందే తెలిసిపోతే చదివేవాడి అనుభవం పాడైపోతుంది."

"ఇది చదివేది కాదు నాన్నా."

"అదే తేల్చబోతున్నాను."

ఆ వెనకే భార్య, ట్యాంకు నిండగానే మోటారు ఆపమని ఒకటికి రెండుసార్లు చెప్పి తన ఆఫీసుకు వెళ్లిపోయింది.

తెర మీద సముద్రం మధ్య ఒక దీవి. దాని మీద ఒక పాక, పక్కనే తాళం వేసిన కొట్టుగది, ఒడ్డున పడవ. మాస్టారు పాకలోంచి రెండడుగులు వేశారో లేదో తెర అడుగున అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. పైన 'లాంతరమ్మ' అని పేరు. "అదేంటి, ఇవాళ వచ్చావు? సరే గానీ, కొట్టుగది జోలికి వెళ్లకు. లోపల ఏమీ లేదు."

మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. అబద్ధాలాడే కథకుల గురించి పుస్తకం రాసిన మనిషి ఆయన. ఎవరూ అడక్కుండానే ఏమీ లేదని చెప్పే కథకురాలిని నమ్మితే తన డాక్టరేటు వెనక్కి ఇచ్చేయాలి. పడవలోంచి తెడ్డు తెచ్చి తలుపు మీద బాదారు. తెడ్డు విరిగింది గానీ తలుపు కదల్లేదు.

"నీకేమైనా పిచ్చా?" అంది లాంతరమ్మ. కథకురాలు నిగ్రహం కోల్పోతోందని మాస్టారు ముచ్చటపడి కాగితం మీద రాసుకున్నారు. "బంగారూ, బుద్ధిగా వెళ్లి నెగడు దగ్గర కూర్చో" అని వచ్చింది. లాలించి లొంగదీయడం, అని రాసుకున్నారు. కూర్చోలేదు. ఆ నెగడులోంచే ఒక కొరివి తీసి తలుపుకు అంటించారు. తలుపు ఒక్కటే కాలుతుందని ఆయన లెక్క. కొట్టుగది మొత్తం ఒక్కసారిగా భగ్గుమని, మంట పాకను కూడా అందుకుంది.

"పడవ ఎక్కకు. నేనే వస్తున్నా."

వద్దంటోంది కాబట్టి ఎక్కాల్సిందేనని ఆయన ఎక్కారు. తెడ్డు లేని పడవ గిరగిరా తిరిగి మునిగిపోయింది. నీళ్ల చప్పుడు ఎంత సహజంగా ఉందో అని ఆయన ఆశ్చర్యపోతుండగా కింది వాటా ఆవిడ వచ్చి తలుపు బాదింది. ట్యాంకు పొంగి, ఎండలో వేసుకున్న ఆవిడ పరుపు మీదకు ధారలు కడుతోంది. మోటారు కట్టేసి, పరుపు పక్కకు లాగబోయి ఆయన నడుం కింద మొత్తం తడిశారు. ప్యాంటు మార్చుకునే వ్యవధి లేదు.

మీటింగుకు హెడ్ మేడమ్ ఆయన కన్నా ఆలస్యంగా, ముఖం గంటు పెట్టుకుని వచ్చారు. నవలలో కథకుణ్ణి అనుమానించి ఊరుకుంటామని, ఆటలో ఆ అనుమానంతోనే నడిచి చూడవచ్చని మాస్టారు మొదలుపెట్టారు. మా అమ్మాయి ఆటే, ఈ ఉదయమే ఆడాను అని చెప్పి, లాంతరమ్మ మాటలు ఒక్కొక్కటే చదివి వినిపించారు. ప్యాంటు అంచుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఈవిడ పిసినారి అన్నారు, ఒంటరిది అన్నారు, తన సొత్తు మీద ఎవరి చెయ్యి పడినా నిద్రపట్టని మనిషి అన్నారు. ప్రేమ కూడా అవసరం పడితేనే చూపిస్తుందన్నారు. సభ్యులు నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"తెడ్డు విరగ్గొట్టుకుని ఎవరైనా పడవ ఎక్కుతారా, మాస్టారూ?"

"అంటే మేడమ్, ఆవిడ వద్దంది కాబట్టి..." అని ఆయన ఆగిపోయారు. తెడ్డు విరిగిన సంగతి తాను ఎక్కడా చెప్పలేదు. మీటింగు మారడం, ఇంట్లో అర్జెంటు పని, ఆ గంటు ముఖం ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. లాంతరమ్మను రాసిన రచయిత ఎవరూ లేరు. అమ్మాయి చెప్పబోయిన ఆ 'ఇంకొకరు' ఆవిడే, ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది. తడి ప్యాంటు అప్పుడు చల్లగా తగిలింది. కామర్స్ పిల్లలు బెంచీల మీద సర్దుకుని కూర్చుంటున్నట్టు అనిపించింది.

మేడమ్ అందరినీ టీకి పంపించి తలుపు దగ్గరికి వేశారు.

"కొట్టుగదిలో ఏముందో చూశారా?"

"చూసేలోపే కాలిపోయింది మేడమ్. ఏమీ లేదన్నారుగా."

"నూనె ఉంది. నేనూ ఒక పిల్లా కలిసి దాచుకున్నది. ఆ పిల్ల మీ అమ్మాయని ఇప్పుడే తెలిసింది. పరీక్షలని రావడం మానేసింది కదా అని..." మేడమ్ టేబుల్ మీద లేని దుమ్ము తుడిచారు. "తన వాటా కూడా దీవి అవతలి ఒడ్డున నా పడవలోకి చేరవేస్తున్నాను. సగంలో మీరొచ్చారు."

మాస్టారి సిద్ధాంతం అక్షరాలా నిజమైంది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు.

కోర్సు ఏకగ్రీవంగా పాసయింది. ఆ ఒక్క ఉదాహరణ తీసేయాలని, అమ్మాయికి ఏమీ తెలియకూడదని షరతు. 'పిసినారి' అన్న మాట మినిట్స్‌లోకి ఎక్కకుండా మేడమ్ దగ్గరుండి చూసుకున్నారు.

సాయంత్రం కూతురు బూడిదైన దీవి ముందు కూర్చుని, ఇదంతా ఎలా జరిగిందని అడిగింది. మాస్టారు తను రాసిన పుస్తకాన్ని ఒకసారి మనసులో తిరగేసుకుని, గొంతు సవరించుకుని, అనవసరమైన వివరాల్లోకి పోకుండా, "పిడుగు పడిందమ్మా" అన్నారు.

"ఆ ఆటలో వానే పడదు, నాన్నా."