లియోనా స్తంభ విమోచనము

వినుడు! మహాసరస్సు మీదినుండి చలిగాలి దిగి, తీరమందలి ఉక్కు కార్ఖానాలలో సగము మూతపడి, మిగిలిన సగము మూయుదుమా మానుదుమా అని ఊగిసలాడుచున్న కాలమున, పందొమ్మిదివందల ఎనుబదియారవ సంవత్సరమున, అక్టోబరు మాసపు తొలి ఆదివారమున, మధ్యాహ్నము రెండు గంటల వేళ, పోర్ట్ హాల్డేన్ నగరమందు, చినుకు పడిన కారునట్టియు, పడకున్నను తుప్పు రాల్చునట్టియు పైకప్పు గల ప్రాచీన క్రీడాప్రాంగణమున, కొంగ బొమ్మను రొమ్మున ధరించిన హెరాన్స్ అను బేస్‌బాల్ జట్టు, పరాజయధురంధరము, అపజయపారంగతము, తొంబదితొమ్మిది ఓటముల హారము మెడను వేసికొన్నదియునై, ఆ సంవత్సరపు కట్టకడపటి ఆటను ఆడుచుండెను. నూరవ ఓటమి గడపలో నిలిచి కాళ్ళు తుడుచుకొనుచుండెను.

ఆ ప్రాంగణమున పై అంతస్తులో, ఏడవ వరుసలో, పదకొండు, పండ్రెండు అను రెండు సీట్లు కలవు. పండ్రెండవ సీటు నుండి మైదానమంతయు కంచములోని అన్నము వలె కనబడును. పదకొండవ సీటునకును, బ్యాటు పట్టువాడు నిలుచు చోటునకును నడుమ, ఆకుపచ్చ రంగు పూసిన ఇనుప స్తంభ మొకటి నిలిచియున్నది. బేస్‌బాల్‌లో జరుగు సమస్తమును ఆ చోటనే మొదలగును గనుక, పదకొండవ సీటున కూర్చున్నవారికి ఆట వినబడును గాని కనబడదు. ఆ సీటు దుఃఖము నాకు బాగుగ తెలియును. నేను అదే వరుసలో పదునాలుగవ సీటువాడను, ఇరువదేండ్లుగా ఈ అవమానమునకు ముందుగానే టిక్కెట్టు కొనుచున్నవాడను.

ఈ రెండు సీట్లును వోయ్‌టాస్ వంశము వారివి. తండ్రి పోయిన పిదప, కార్ఖానా నుండి రిటైరైన అన్న చెస్టరునకును, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము వండు చెల్లెలు లియోనాకును సంక్రమించినవి. వారి నడుమ ఒక కట్టుబాటు కలదు. ఏప్రిల్‌లో తొలి ఆటనాడు లియోనా ఒక ప్రతిజ్ఞ చేయును. అది నెరవేరెనా, మరుసటి ఏడు పండ్రెండవ సీటు ఆమెది. నెరవేరదా, ఆమె స్తంభము వెనుకకు పోవలెను. జట్టు సగము ఆటలు గెలుచునని ఒక ఏడు, ఆఖరి స్థానమున ఉండదని ఒక ఏడు, మేనేజరు గిల్ ప్రూయిట్‌నకు బుద్ధి వచ్చునని మరియొక ఏడు, ఇట్లు ఏడు సంవత్సరములు నమ్మి, లియోనా ఏడు సంవత్సరములు స్తంభమును చూచెను. చెస్టరు దేనిని నమ్మకుండుటచే వరుసగా గెలిచెను. ఈ జట్టును నమ్మనివారికి ఎన్నడును నష్టము కలుగలేదు.

ఈ ఏడు ఏమి జరిగెననగా, సరిగా తొలి ఆటనాడే జట్టు పెద్దలు డెల్గాడో అను, బంతి విసరుటలో మెరికవంటి పిచరును పొరుగు జట్టున కిచ్చి, బదులుగా హాల్వర్సన్ అను, బ్యాటు పట్టువాని వెనుక గొంతుకూర్చుండి బంతి పట్టు ముప్పదియేడేండ్ల క్యాచరును తెచ్చిరి. ఆ వార్త విని చెస్టరు చేతిలోని హాట్‌డాగును రేడియో మీదికి విసిరెను. అన్నను ఉడికించుటకై లియోనా ఆ క్షణముననే ప్రతిజ్ఞ చేసెను.

"ఆ హాల్వర్సనే నూటికి ఇరవై కొడతాడు. రాసిపెట్టుకో అన్నయ్యా."

"ఇరవయ్యా? వాడు మోకాళ్ళు వంచి లేవడానికే ఇరవై నిమిషాలు పడుతుందే!"

పిచరు వేసిన బంతిని కొట్టి క్షేమముగా మొదటి మజిలీ యగు బేసు చేరినచో దానిని హిట్టందురు. నూరు పర్యాయములు బ్యాటు పట్టి ముప్పది హిట్లు కొట్టువాడు మహావీరుడు. ఇరువదియైదు కొట్టువాడు సంసారపక్షము మనిషి. ఇరువదికి తగ్గినవాడు ఎక్కడ పని చేయుచున్నాడో వాని తల్లి కూడ బయట చెప్పదు. హాల్వర్సను ఆనాటి ఆటకు ముందు తొంబదియెనిమిది పర్యాయములలో పందొమ్మిది కొట్టియుండెను. రెండవ ఇన్నింగ్సున ఒకసారి అవుటయ్యెను. మరల నాలుగవ ఇన్నింగ్సున బ్యాటు పట్టెను. జట్టు అప్పటికి ఎనిమిదికి ఒకటిగా ఓడుచుండెను గాని, ఏడవ వరుసలో ఆ సంగతిని ఎవరును పట్టించుకొనలేదు.

టక్కుమని చప్పుడయ్యెను. లియోనా ఒడిలోని స్కోరుపుస్తకము మీద పెన్సిలు ఎత్తిపట్టెను. ముప్పదియొక్క ఏండ్లుగా ప్రతి బంతిని ఆ పుస్తకములలో వ్రాసిన చేయి అది. కడపటి ఏడేండ్లు మాత్రము అన్నను అడిగి వ్రాయవలసి వచ్చెను.

"ఏమైందన్నయ్యా? ఏమైంది?"

చెస్టరు మెడ చాచి మైదానము వంకనే చూచుచుండెను. అంతలో స్తంభమునకు కుడిప్రక్కన, మొదటి బేసు వైపు, పడవ తెడ్డు వేయుచున్నవాని వలె చేతులూపుచు, రొప్పుచు, రోజుచు, బరువైన మనుష్యు డొకడు పరుగెత్తుచు కనబడెను. బంతి కంటె అరక్షణము ముందుగా వాని బూటు బేసును తాకెను.

"హాల్వర్సన్! అది హాల్వర్సనే! కొట్టాడు!"

"అది హిట్టు కాదే, ఫీల్డరు చేతకానితనం! మా మనవరాలైనా ఆపేది ఆ బంతిని."

వరుస చివర నుండి ఫ్లాయిడ్ పైపరు గొంతు సవరించుకొనెను. ఈయన పూర్వాశ్రమమున ఉత్తరములు పంచినవాడు. చొక్కా జేబులో చిన్న పుస్తకమును, చెవి మీద పెన్సిలు ముక్కయును లేక ఎవరును చూచి యెరుగని అంకెల ఆచార్యుడు. ఏడవ వరుసలో ఆయన చెప్పినదే తీర్పు.

"బోర్డు మీద హిట్టనే వేశారు చెస్టర్. వందకి ఇరవై. సరిగ్గా ఇరవై. పైన చుక్క లేదు, కింద చుక్క లేదు."

లియోనా పెన్సిలు నోట కరచుకొని, రెండు చేతులతోను ముఖము కప్పుకొనెను. ఏడేండ్ల తరువాత తన మాట నిలిచినదని ఆమెకు నిజముగా ఏడుపు వచ్చెను.

సరిగా ఆ ఇన్నింగ్సు ముగియగనే వాన దిగెను. చినుకు కాదు, జల్లు కాదు, సరస్సును ఎత్తి కుమ్మరించినట్లు దిగెను. మైదానపు పనివారు పన్నెండుమంది పెద్ద టార్పాలిను దొర్లించుకొని వచ్చి ఆటస్థలమును కప్పిరి. ఆటగాండ్రు తమ గుహలోనికి దూరిరి. చెస్టరు మాత్రము లేచి నిలిచెను. వాని ముఖమున ఏప్రిల్ తరువాత మొదటిసారి చిరునవ్వు కనబడెను.

"ఫ్లాయిడ్! ఐదు ఇన్నింగ్సులు పూర్తికాకుండా ఆట ఆగిపోతే ఏమవుతుంది?"

"ఆట లెక్కలోకి రాదు. మొత్తం కొట్టేస్తారు. ఇవాళ ఆఖరి రోజు కాబట్టి మళ్ళీ ఆడరు కూడా."

"అంటే వందో ఓటమి?"

"ఉండదు."

"మరి హాల్వర్సన్ హిట్టు?"

ఫ్లాయిడు లియోనా వంక చూడలేక టోపీ తీసి నెత్తి గోకుకొనెను. "అదీ ఉండదు. తొంభై ఎనిమిదికి పందొమ్మిది."

అప్పుడు చెస్టరు, గొంగళి భుజమున వేసికొని, సగము త్రాగిన బీరు గ్లాసును ఆయుధము వలె ఎత్తి, వరుసలన్నిటికిని వినబడునట్లు గర్జించెను.

"అందరూ వినండయ్యా! దేవుడు మనమీద జాలిపడి వాన పంపాడు! వంద ఓడిన జట్టు అనిపించుకుంటామా, తొంభై తొమ్మిదితో పరువుగా ఇంటికి పోతామా? అరవండి! వాన! వాన!"

పై అంతస్తంతయు కంచు గొంతులతో అందుకొనెను. "వాన! వాన!" ఆ సంవత్సరమంతయు వారు ఏకకంఠముతో అరచిన అరుపు ఇదొక్కటియే. నా గొంతు సహితము అందులో కలిసెను, అబద్ధమాడను. అట్టి ఘోషమధ్యమున ఒంటరిగా, తడిసిన స్కోరుపుస్తకమును కోటు లోపల దాచుకొని, లియోనా లేచెను.

"ఆగు! నేను ఆగు అంటున్నా! ఆగవే వానా!"

జనము విస్తుపోయిరి. చెస్టరు రొమ్ము చరచుకొనెను.

"విన్నారా? మా చెల్లెలు! సొంత ఊరి జట్టు వందోసారి ఓడాలంటోంది! ఒక్క సీటు కోసం!"

"అవును, సీటు కోసమే! తొంభై తొమ్మిది ఓడినోళ్ళకి వందోది ముల్లై గుచ్చుకుంటుందా? సిగ్గుపడాలంటే ఇరవయ్యో ఓటమికే పడాల్సింది. అన్నయ్యా, నాన్న నన్ను మొదటిసారి తెచ్చినప్పుడు ఆ పన్నెండో సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నేను ఆట చూసి ఏడేళ్ళయింది. ఏడేళ్ళు! నువ్వు చెబితే రాసుకుంటున్నా. నువ్వేమో సగంసార్లు తింటూ ఉంటావు, సగంసార్లు ప్రూయిట్‌ని తిడుతూ ఉంటావు. మొన్న జూన్లో బంతి గోడ దాటిపోయిన హోమ్‌రన్ ఒకటి నాకు రెండ్రోజుల తర్వాత పేపర్లో తెలిసింది!"

జూనులో ఆ క్షణమున తాను వేరుసెనగలు వలుచుచుండెనని చెస్టరునకు జ్ఞాపకమే. అయినను పట్టు విడువక, గొంతు తగ్గించి, "వాన నా చేతిలో ఉందా ఏంటి?" అని గొణిగి కూర్చుండెను.

గంటయు నలుబది నిమిషములును గడిచెను. ఆ కాలమున ఏడవ వరుస యందు ఘోర వాగ్యుద్ధము నడిచెను. డెల్గాడోను అమ్మినవానిని ఏ నదిలో త్రోయవలెనన్న విషయమున మూడు పక్షములేర్పడెను. ప్రూయిట్ మేనేజరుగా మరియొక ఏడు ఉండునా అని ఫ్లాయిడు చేతులెత్తించి ఓటు పెట్టగా, ఉండకూడదని అందరును, ఉండుననియు అందరును చేతులెత్తిరి. లియోనా మాత్రము ఆకాశమును చూచుచుండెను. ఆకాశమునకు స్తంభము అడ్డములేదు.

తుదకు పడమట ఒక తెల్లని చీలిక కనబడెను. అంపైర్లు బయటికి వచ్చి అరచేతులు చాచి చూచిరి. పనివారు టార్పాలినును లాగిరి. ఆట సాగెను, ఐదవ ఇన్నింగ్సు ముగిసెను. ఆట లెక్కలోనికి వచ్చెను. కొంగలు ఎట్లును ఓడుదురు, హిట్టు నిలిచెను, లియోనా పెన్సిలును ముద్దు పెట్టుకొనెను.

అప్పుడు ఫ్లాయిడు, మరణవార్త అందించు తపాలావాని వలె, నెమ్మదిగా వంగి చెప్పెను.

"లియోనా, తొందరపడకమ్మా. ఏడో ఇన్నింగ్స్‌లో వాడికి మళ్ళీ బ్యాటింగ్ వస్తుంది. అవుటయ్యాడంటే నూట ఒకటికి ఇరవై. ఇరవైకి తగ్గిపోతుంది."

అన్నాచెల్లెండ్రు ఒకరినొకరు చూచుకొనిరి. అంతట లోకమున ఎన్నడును జరుగని వింత జరిగెను. ఏప్రిల్ నుండి హాల్వర్సనును తిట్టినవాడు చెస్టరు. ఏడవ ఇన్నింగ్సు రాగానే అతడే లేచి, చప్పట్లు చరచుచు, "హాల్వర్సన్! రావయ్యా నా బంగారం! నువ్వే ఆడాలి!" అని కేకలు వేసెను. ఏప్రిల్ నుండి హాల్వర్సనును కొడుకువలె కాచినది లియోనా. ఆమెయే చేతులు జోడించి, "వద్దు నాయనా, కూర్చో, నీకు మోకాళ్ళ నొప్పులు" అని బ్రతిమాలెను.

కాని హాల్వర్సను బ్యాటు పట్టుకొని బయలుదేరనే బయలుదేరెను. ఆతనిని ఆపగలవాడు ఒక్కడే. ఆ ఒక్కడును గిల్ ప్రూయిట్. అలసిన పిచరును మూడు హోమ్‌రన్లు పడిన పిమ్మటగాని మార్చనివాడు, మార్చినచో అంతకంటె అలసినవానిని తెచ్చువాడు. ఏడవ వరుసవారి తిట్లతో ఆరు సంవత్సరములు పెరిగి పెద్దవాడైనవాడు. లియోనా ఆశ వదలుకొని పుస్తకము మూసెను.

"ఆగవే," అని చెస్టరు ఆమె మోచేయి పట్టుకొనెను. "ప్రూయిట్ బయటికొస్తున్నాడు."

"ఎందుకు? ఏం చేస్తున్నాడు? చెప్పు!"

"హాల్వర్సన్‌ని... వెనక్కి రమ్మంటున్నాడు. ఆ కుర్ర హబ్బెల్‌ని పంపుతున్నాడు. వీడికి పిచ్చా? అక్కడున్నది కుడిచేతి పిచరు, వాడి బంతి ఎడంచేతివాడికే బాగా అందుతుంది! హాల్వర్సన్‌ది ఎడంచెయ్యి! హబ్బెల్‌ది కుడిచెయ్యి, వాడు నూటికి పదకొండు కొడతాడు! ఇంత తెలివితక్కువ మార్పు నా జన్మలో చూడలేదు!"

బేస్‌బాల్‌లో ఒకసారి తప్పించినవాడు ఆ ఆటకు మరల రాడు గనుక, హాల్వర్సను నూటికి ఇరువది వద్దనే నిలిచిపోయెను. ప్రాంగణమంతయు ఛీ కొట్టెను. కాగితపు గ్లాసులు వర్షించెను. ఆ ఛీత్కారసాగరమధ్యమున ఒక్క స్త్రీ లేచి, అరచేతులు ఎఱ్ఱబడునట్లు చప్పట్లు కొట్టుచుండెను. ఆ సంవత్సరము ప్రూయిట్‌నకు దక్కిన చప్పట్లు అవియే. ఆతడు అలవాటు లేని ఆ చప్పుడునకు ఉలికిపడి, తలయెత్తి, ఏ మూలనుండి వచ్చుచున్నదో తెలియక, హాల్వర్సను భుజము తట్టి లోనికి నడిచెను.

"చూశావా, భుజం తట్టాడట కదా! హాల్వర్సన్‌కి సరిగ్గా ఇరవై అని ప్రూయిట్‌కి తెలుసు," అనెను లియోనా.

"తెలుసా? వాడికా? ఇవాళ ఆదివారం అని తెలిస్తే గొప్ప!"

ఈ వివాదము నేటికిని తీరలేదు, తీరునన్న ఆశయును లేదు.

కట్టుబాటు ప్రకారము సీటు మారవలసినది మరుసటి ఏప్రిలున. కాని కడపటిదైన తొమ్మిదవ ఇన్నింగ్సున ఇద్దరు అవుటై, మూడవవాడు అవుటైనచో ఆట ముగియుననగా చెస్టరు లేచి, సీటు మీది తడిని తన చేతిగుడ్డతో తుడిచి, "రా, కూర్చో," అని, ఆమె మొగము చూడకుండ స్తంభము వెనుక చేరెను.

లియోనా పండ్రెండవ సీటున కూర్చుండెను. ఏడేండ్ల పిదప ఆమె కన్నులకు బ్యాటు పట్టు చోటనుండు తెల్లని ఐదు మూలల పలకయు, దాని ప్రక్కన హాల్వర్సను వంతున మరల వచ్చి వణకుచున్న హబ్బెలును కనబడిరి. మొదటి బంతికి హబ్బెలు గాలిని కొట్టెను. రెండవ బంతికి గాలిని మరింత గట్టిగా కొట్టెను. మూడవ బంతి నడిమధ్యన రాగా, దానిని అతిథిని సాగనంపినట్లు చూచుచు నిలుచుండిపోయెను.

స్తంభము వెనుకనుండి ఆత్రపు కంఠము వినబడెను.

"ఏమైందే? లియోనా! ఏమైంది?"

"ఓడిపోయాం అన్నయ్యా."

"ఎలా?"

"చాలా స్పష్టంగా."

ఇట్లు వోయ్‌టాస్ వంశవర్ధని, ఏకాకిచప్పట్లధారిణి, లియోనా మహాదేవి, వానను గెలిచి, అన్నను గెలిచి, నూటికి సరిగా ఇరువదిని గెలిచి, రాబోవు సంవత్సరమున తన జట్టు ఓడు ప్రతి ఆటను మొదటి బంతి నుండి కడపటి బంతి వరకు ఏ అడ్డును లేకుండ, కన్నులార చూచు హక్కును సంపాదించెను.