వీబియా మూడో రాత్రి

ఆ తెల్లవారుజామున ఆకాశం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. రియాటే కొండల మీదినుంచి మబ్బు దిగొచ్చి, కోతలైపోయిన ద్రాక్షతోటలో చివరి వరసలను మింగేసింది. ఉరుము లేదు. పిట్టలు కుడికి ఎగరాలో ఎడమకి ఎగరాలో తేల్చుకోలేక కంచె మీదే కూర్చున్నాయి. ముసలి వీబియస్ వాటిని కాసేపు చూసి, మంచికీ చెడ్డకీ కాని రోజనుకుని, పొయ్యి ఊదడానికి లోపలికి పోయాడు.

కూతురు వీబియా వచ్చి రెండు రాత్రులైంది. ఇంకొక్క రాత్రి గడిస్తే చాలు. వాళ్ల చట్టం ప్రకారం, ఏడాది పొడుగునా మొగుడింట్లోనే ఉన్న పెళ్లాం అతని చేతికిందికి, అంటే అతని అధికారంలోకి, పోతుంది. పుట్టింటి దేవతలకు పరాయిదైపోతుంది. ఏడాది నిండేలోగా వరసగా మూడు రాత్రులు బయట పడుకుంటే మాత్రం తండ్రి బిడ్డగానే మిగులుతుంది. రేపటికి ఆమె పెళ్లయి ఆరేళ్లు. అందుకే ఏటా ఈ రోజులకు ఆమె వచ్చేది.

చట్టం సంగతి వీబియస్ పైకి చెప్పుకునే మాట. భార్య పోయాక ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది ఈ మూడు రోజులే. వీబియా అచ్చం తల్లిలాగే గొంతుక్కూర్చుని వండేది, తల్లిలాగే మరిచిపోయి ఉప్పు రెండుసార్లు వేసేది. ఉప్పెక్కువైందని అనడానికి ఆయన ఏడాదంతా ఎదురుచూసేవాడు.

"నాన్నా, నా పెళ్లినాడు అమ్మ నిజంగానే నన్ను వదల్లేదా?"

"పెళ్లికొడుకు స్నేహితులు నిన్ను ఒళ్లోంచి లాక్కుపోవాలి, తల్లి ఏడ్చినట్టు నటించాలి. ఆచారం అంతే. మీ అమ్మకి నటించడం చేతకాదు. ముగ్గురు లాగినా నువ్వు రాలేదు. ఒకడి వేలు కొరికేసింది."

వీబియా నవ్వింది. ఏటా అడిగేదే, ఏటా చెప్పేదే.

అంతలో గాడిద మీద అల్లుడు నుమీరియస్ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"తాళంచెవులు!" అన్నాడు దిగకుండానే. "కొట్టుగది తాళంచెవులు నీ నడుముకే ఉండిపోయాయి. రెండు రోజులుగా అమ్మా నేనూ పచ్చి క్యాబేజీ నములుతున్నాం."

"పక్కింట్లో అడగలేకపోయావా?"

"మన పందితొడ కిటికీలోంచి కనిపిస్తూ వేలాడుతుంటే పక్కింట్లో అడుక్కోనా? ఇటివ్వవే!"

ఆమె గుత్తి విప్పి విసిరింది. అతను పట్టుకుని, మరో మాట లేకుండా గాడిదను వెనక్కి తిప్పాడు. జరిగింది అంతే. కానీ కంచె అవతల పొరుగింటి మామెర్కస్ తన తోట తవ్వుకుంటూ అంతా చూశాడు. మొగుడు పెళ్లాం దగ్గర తాళంచెవులు తీసుకుంటే ఆ ఊళ్లో దానికి అర్థం ఒక్కటే: కాపురం తెగింది. మామెర్కస్ పార అక్కడే పడేసి ఊళ్లోకి పరుగెత్తాడు.

పొద్దు బారెడెక్కేసరికి బట్టలుతికే రేవు దగ్గరి ఆడవాళ్లంతా తడి చేతులతో ఓదార్చడానికొచ్చారు. "కాదమ్మా, వాడికి ఆకలేసిందంతే" అని వీబియస్ మొత్తుకున్నాడు. "పాపం, కన్నతండ్రి కదా, ఏం చెప్పుకుంటాడు" అన్నారు వాళ్లు. వాళ్లు కదిలేసరికి, పెళ్లాం పోయిన కుమ్మరి ఓపియస్ జున్నుగడ్డ పట్టుకుని వచ్చాడు.

"ఊరికే ఇటు వచ్చాను" అన్నాడు అరుగు మీద సర్దుకుంటూ. "అమ్మాయి బాగా ఏడుస్తోందా?"

"శనగలు ఏరుతోంది."

"గుండె దిటవున్న మనిషి. మా ఇంటికి అలాంటి మనిషే కావాలి."

వీబియస్ లోపల లెక్కలేసుకున్నాడు. కూతుర్ని ఇప్పుడే మొగుడి దగ్గరికి పంపిస్తే గొడవ చల్లారుతుంది, కానీ మూడో రాత్రి పోతుంది, పిల్ల చేజారుతుంది. పంపకపోతే ఊరే విడదీసేలా ఉంది. చివరికి మామెర్కస్‌నే పట్టుకుని, "తగలబెట్టింది నువ్వేగా, నువ్వే పోయి మా అల్లుణ్ణి పిలుచుకురా" అని తోలాడు.

మామెర్కస్ వెళ్లి చెప్పింది ఒక్కటే ముక్క: "మీ కోడల్ని కుమ్మరి అడుగుతున్నాడు." మధ్యాహ్నానికల్లా నుమీరియస్, వాళ్లమ్మ ఎగ్నాతియా ఆయాసపడుతూ వచ్చారు. దారిలో దొరికిన, చట్టం తెలిసిన పెద్దాయన లుక్కెయస్‌నూ చెయ్యి పట్టి లాక్కొచ్చారు.

"అన్నయ్యా, మావాడు తిండికి అడిగాడు గానీ తెంపుకోడానికి కాదు!" అంది ఎగ్నాతియా.

"పందితొడైనా కోశారా అత్తయ్యా?"

"నోట్లో పెట్టుకోబోతుంటే ఈ మామెర్కస్ దిగాడే తల్లీ!"

నుమీరియస్ తాళంచెవులు వీబియా చేతిలో పెట్టాడు. ఓపియస్ అరుగు చివరికి జరిగాడు. అక్కడితో సరిపోయేదే. కానీ లుక్కెయస్ ఎండన పడి వచ్చిన మనిషి, ఏదో ఒకటి చెప్పకుండా పోడు.

"అసలీ పిల్ల ఇక్కడెందుకుంది?"

వీబియస్ చెప్పాడు.

"రేపటికి ఏడాది నిండుతుంది. రోజు ఎప్పుడు మొదలవుతుందోయ్?"

"పొద్దు పొడిస్తే."

"అది కోడికి. చట్టానికి నడిరేయి దాటగానే. మీ మూడో రాత్రిలో సగం వచ్చే ఏటికి పోయింది. మీకు మిగిలింది రెండున్నర, కావలసింది మూడు. ఏటా ఇలాగే వచ్చిందా?"

"ఏటా ఇలాగే."

"అయితే మొదటి ఏడాది నిండిన నాడే మొగుడి చేతికింద పడింది. ఐదేళ్లయింది."

వీబియస్ గడప మీద కూలబడ్డాడు. నుమీరియస్ మాత్రం నోరు తెరిచి ఉండిపోయాడు.

"ఐదేళ్లుగా ఈమె నా మాట వినాలా?"

"వినాలి."

"మరి నేను క్యాబేజీ..." అని ఆగిపోయాడు.

"అంటే ఇక పిల్ల ఇక్కడికి రావలసిన పనిలేదు" అన్నాడు వీబియస్ మెల్లగా, పొయ్యి వైపు చూస్తూ.

నుమీరియస్ మామగారి మొహం చూశాడు. గొంతు సవరించుకుని, ఛాతీ విరుచుకున్నాడు. "ఇదే నా మొదటి ఆజ్ఞ. ఏటా మూడు రాత్రులు వీబియా ఇక్కడికి రావాల్సిందే!"

వీబియా గరిటెతో ఇటు తిరిగింది. "ఏమన్నావ్?"

"వస్తావా అని అడుగుతున్నా."

"అలా అడుగు."

"అమ్మా నేనూ కూడా వస్తాం మామా" అన్నాడు గొంతు తగ్గించి.

వీబియస్ తల తిప్పుకుని, ముంజేతితో కళ్లు తుడుచుకుని, పొగ ఎక్కువైందన్నాడు.

అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. కుమ్మరిని ఎవరూ వెళ్లమనలేదు; జున్ను అతనిది. శనగల పులుసు, రొట్టె, జున్ను తిన్నారు. వీబియా ఎవరి చేతికింద ఉందో ఆ పూట చట్టప్రకారం తేలిపోయింది. ఆమె గరిటె ఎత్తేదాకా ఒక్క గిన్నె కూడా ముందుకు జరగలేదు.