పెద్దల్లుడి స్టీరింగ్ ఆయిల్

ఆదివారం పదింటికి అత్తగారు బస్సు దిగుతారు. ఆలోపు కారు స్టీరింగ్ ఆయిల్ మార్చేయాలని పెద్దల్లుడు పొద్దున్నే చొక్కా చేతులు మడిచాడు. పోయినసారి ఆవిడ ఇతని కారులో కూర్చుని, "చిన్నల్లుడి స్టీరింగ్ చిటికెనవేలితో తిరుగుతుంది. ఆయిల్ తనే మార్చుకున్నాట్ట. నీదేమిటి నాయనా, ఇలా మూలుగుతోంది?" అన్నారు. ఆ రోజు మొదలైన కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ముందు చక్రాలు జాకీల మీద లేపాడు. ఇంజను పక్కనున్న ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే పైపు ఊడదీసి, దాని కొస ఖాళీ సీసాలో పెట్టాడు. భార్యని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు.

"నువ్వు ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతూ ఉండు. పాతది సీసాలోకి పోతుంది, నేను పైన కొత్తది పోస్తుంటాను. అంతే."

"మా చెల్లెలి వాళ్ళాయన్ని ఒక్కమాట అడగకపోయారా?"

"నేనా? అతన్నా?"

ఇంజను స్టార్టయింది. అంతలో చెల్లెలి ఫోను. "మీ బావ స్టీరింగ్ ఆయిల్ మారుస్తున్నారే, స్వయంగా" అంది భార్య, ఒంటిచేత్తో తిప్పుతూనే. తోడల్లుడి చెవిన కూడా పడాలని పెద్దల్లుడు పోయడం ఆపి ఫోను దగ్గరికొచ్చాడు.

"చాలా చిన్న పనమ్మా. కాస్త బుర్రుంటే చాలు" అన్నాడు గట్టిగా.

ఆ కాసేపట్లో పైన డబ్బా ఖాళీ అయి, పంపు కీచుమని అరిచింది. అతను ఒక్క పరుగున వెళ్ళి కొత్త ఆయిల్ మొత్తం ఒంపేశాడు. పరుగులో కాలు తగిలి సీసా పడిపోవడం చూసుకోలేదు. పైపు తెగ ఊగిపోతూ చొక్కా మీదా, గోడ మీదా, ఆరేసిన దుప్పట్ల మీదా ఎర్రగా చిమ్మింది.

భార్య ఇంజనాపి, గంటసేపు దుప్పట్లు ఉతికి, చెల్లెలికి ఫోన్ చేసింది. "అమ్మ వచ్చే వేళయింది. మరిదిగారిని కారు తీసుకుని బస్టాండుకి వెళ్ళమనవే." పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది.

"ఆయన మీ ఇంటికే బయల్దేరారక్కా. నడిచి" అంది చెల్లెలు.

గేటు తీసుకుని చిన్నల్లుడు లోపలికొచ్చాడు. చొక్కా నిండా ఎర్రటి ఆయిల్, చేతిలో ఓ పైపు. "అన్నయ్యా, ఇది ఎక్కణ్ణుంచి ఊడొచ్చిందో కాస్త చెబుతారా?"

"మొన్న మీరే మార్చుకున్నారటగా?"

"మెకానిక్ మార్చాడు. అత్తయ్యకి నేనని చెప్పాను. ఇవాళ మీరు నిజంగానే చేస్తున్నారని మా ఆవిడ అనేసరికి ఒళ్ళు మండి, నేనూ మొదలెట్టాను."

పెద్దల్లుడికి ఎన్నాళ్ళకో ప్రాణం హాయిగా ఉంది. అదీ ఎంతోసేపు నిలవలేదు. వాకిట్లో టాక్సీ ఆగింది. డ్రైవరు తలుపు తీసి అత్తగారిని జాగ్రత్తగా దింపి, సామాను గుమ్మం దాకా మోసుకొచ్చాడు. ఆవిడ అల్లుళ్ళిద్దర్నీ ఎగాదిగా చూశారు.

"ఈ అబ్బాయి నన్ను సంచి కూడా ముట్టుకోనివ్వలేదు. ఇంటికి ఇలాంటివాడు ఒక్కడుంటే చాలు."

తోడల్లుళ్ళిద్దరూ మొట్టమొదటిసారి ఒకే మనిషిని చూసి కుళ్ళుకున్నారు.