మా కాపురానికి ఋజువులు కావలెను

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా ఫైలు చూసిన వీసా ఆఫీసరు, వీళ్ళిద్దరూ కలిసి ఉన్నారన్న నమ్మకం కలగలేదని ఒక్క ముక్క రాస్తే దివాకర్ వాంకూవర్‌కి, నేను కాకినాడకి. పద్నాలుగు నెలల మా పాప నిధి ఎవరి చంకన ఉండాలో ఆ ఫారంలో ఎక్కడా లేదు.

అయినా సరే, ఋజువులు అడిగే ప్రభుత్వమంత మేలు ఆడదానికి ఇంకెవరూ చేయలేదని నేను వాదిస్తాను!

సంగతి ఇది. ఇక్కడ అమెరికాలో, సన్నీవేల్‌లో దివాకర్ వీసా గడువు ముగుస్తోంది, కంపెనీ అతన్ని కెనడాకి మారుస్తోంది. పాప కడుపున పడ్డప్పుడు నా ఎంఎస్ మూడో సెమిస్టర్‌లోనే ఆగింది, దాంతోపాటు నా వీసా కూడా. మాకు పెళ్ళి కాలేదు. కెనడావాళ్ళు మాత్రం ఏడాది ఒకే ఇంట్లో కాపురం చేస్తే చాలు, కామన్ లా పార్ట్‌నర్ అని పేరు పెట్టి వెంట రానిస్తారు. మూడు ముళ్ళు అక్కర్లేదు, కాగితాలు చాలు. ఎంత విశాల హృదయం!

ఇబ్బందల్లా ఒకటే. మేం మూడేళ్ళుగా కలిసి ఉంటున్నాం. ఆ మూడేళ్ళూ కలిసి ఉన్నట్టు ఒక్క ఆనవాలు మిగలకుండా కష్టపడ్డాం. వైజాగ్‌లో వాళ్ళమ్మకి తెలియకూడదు కదా! లీజు అతని పేరున, కరెంటు బిల్లు అతని పేరున. ఆవిడ వీడియో కాల్ చేసే ప్రతి ఆదివారం నేను పాపని ఎత్తుకుని క్లాజెట్‌లో బట్టల మధ్య కూర్చుంటాను. ఫోటోల్లో నన్ను కత్తిరించి, అసలువి చెరిపేశాడు. ఇప్పుడు లాయరుకి చూపించడానికి మిగిలినవి నా మోచేతులు రెండు, చున్నీ కొస ఒకటి.

కౌంటీ ఆఫీసుకెళ్ళి పెళ్ళి సంతకాలు పెట్టొచ్చు కదా అంటారా? నేనూ అన్నాను.

“అమ్మకి చెప్పకుండా పెళ్ళి ఎలా చేసుకుంటాం?” అన్నాడు.

పిల్లని కనొచ్చు. పెళ్ళి మాత్రం తప్పు. సంస్కారవంతుడు!

అలాంటి మనిషి, లాయరు గద్దించేసరికి, మొన్న మెయిల్‌బాక్స్ మీద నా పేరు అంటించాడు. తాళి కట్టినా అన్నిసార్లు అటూ ఇటూ చూసేవాడు కాదు. చెప్పండి, ఇది వరం కాదా?

తర్వాత సాక్షి ఉత్తరం. పక్క అపార్ట్‌మెంట్ పద్మజ ఆంటీని అడిగాం. ఇంట్లో దిగిన కొత్తలో ఆవిడకి నేను దివాకర్ పిన్ని కూతుర్నని చెప్పాం. పాప పుట్టాక ఆవిడ ఒక్క మాట అడగలేదు, గోంగూర పచ్చడి పంపడం మాత్రం మానేసింది. ఇప్పుడు అసలు సంగతి చెబితే కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

“పద్నాలుగు నెలల్నుంచి నాకు నిద్ర లేదు తల్లీ,” అని సంతకం పెట్టింది. సాయంత్రానికి పచ్చడి వచ్చింది.

ఇక ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. మీ సంబంధం రెండు కుటుంబాలకీ తెలుసా?

మా అమ్మకి నేనెప్పుడో చెప్పేశాను. నెల రోజులు మాట్లాడలేదు, తర్వాత పాపకి ఉగ్గుగిన్నె పంపింది. దివాకర్ తన గడి ఖాళీగా వదిలాడు. ఆ గడి ఖాళీగా ఉంటే మిగతా అరవై పేజీలూ నిలబడవని లాయరు అంటోంది. అమ్మ గుండె తట్టుకోదని ఇతనంటాడు. మూడేళ్ళుగా మా కాపురం ఆ గుండె మీదే నడుస్తోంది.

ప్రభుత్వానికి చెప్పగలిగాడు. లాయరుకి, పక్కింటికి చెప్పగలిగాడు. ఇన్ని ఋజువులు చూడని మనిషి ప్రపంచంలో ఇంకొక్కరే!

అందుకని చిన్న సాయం. మీలో ఎవరైనా వైజాగ్ సీతమ్మధార వైపు ఉంటే, భీమశంకరం మాస్టారి ఇల్లు అడిగి, వాళ్ళావిడ, అంటే దివాకర్ వాళ్ళమ్మ, ఉషారాణి గారిని ఒకసారి చూసి రండి. కిందటి వారం సింహాచలం మెట్లన్నీ నడిచి ఎక్కినట్టు దివాకర్ ఫోన్లో ఆవిడ స్టేటస్ చూశాను. అన్ని మెట్లు ఎక్కిన గుండె ఒక మనవరాలిని తట్టుకోగలదో లేదో, కాస్త కూర్చుని, మంచినీళ్ళు తాగి, కనుక్కోండి.

వీలైతే ఆదివారంలోపే వెళ్ళండి. పాపకి నడక వచ్చింది. క్లాజెట్ తలుపు తీయడం కూడా వచ్చేసింది.